తప్పుల గోడకు పేర్లు కావాలట

ఎండకాలం, 118వ రోజు. పైన 53 డిగ్రీలు.

ఈ దినచర్య పుస్తకాన్ని జ్ఞాన మండలి వాళ్ళు చదువుతారట. ప్రతి గ్రంథాలయమూ రాసి పంపాలని పోయిన వారం ఉత్తర్వు వచ్చింది. చదవనివ్వండి. నేను ఉన్నదున్నట్టు రాస్తాను, నచ్చకపోతే వాళ్ళే కళ్ళు మూసుకోవచ్చు.

నా పేరు మద్దిలేటమ్మ. వయసు నలభై ఏడు. మూడో గని గ్రంథాలయం నా చేతిలో ఉంది. ఈ రోజు పైన పలకలు తుడిచే వంతు నాది. తెల్లవారకముందే నిచ్చెనలెక్కి, ముప్పై ఆరు సోలార్ పలకల మీద దుమ్ము దులిపి, ఏడు కొట్టేలోపు మళ్ళీ గనిలోకి దిగేశాను. ఏడు దాటితే పైన ఊపిరి తీసుకోవడం కూడా ఒక పనే, అందుకే ఊళ్ళన్నీ ఈ పాత గనుల్లోకి దిగాయి. ఆ కరెంటుతో, పిల్లల హోంవర్కుకు సాయం చేసే మా ఇంటిపని గది పన్నెండు నుంచి ఆరు దాకా నడుస్తుంది. పదకొండు గనుల పిల్లలు ఎక్కడి వాళ్ళక్కడే తెర ముందు కూర్చుని లెక్కలూ సైన్సూ అడుగుతారు. పదమూడేళ్ళ వాళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళ దాకా. ఇక్కడ నేనూ, మరో ఇద్దరు సహాయకులమూ వాళ్ళతో మాట్లాడతాం.

సుబోధిని ఉండగా మీరెందుకు అని మండలి అడుగుతూనే ఉంది. సుబోధిని వాళ్ళ యంత్రం. ఏ లెక్కయినా రెండు సెకన్లలో, మెట్టు మెట్టుగా, ముచ్చటగా చేసిపెడుతుంది. దానితో నాకేం తగాదా లేదు. జవాబు పిల్ల చేతికొస్తుంది, పిల్ల మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకని మా దగ్గరికి వస్తారు.

మధ్యాహ్నం ఇంకో ఉత్తర్వు వచ్చింది. ‘మూడో గని గ్రంథాలయం పుటల్లో 412 తప్పు సమాధానాలు నిల్వ ఉన్నట్టు సుబోధిని గుర్తించింది. ఇది కలుషిత సమాచారం. 148వ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు తొలగించబడును.’

కలుషితమట. మా తప్పుల గోడను పట్టుకుని అంత మాటన్నారు. అప్పటి నుంచి నా ఒళ్ళు మండుతూనే ఉంది.

119వ రోజు. పైన 53.

తప్పుల గోడ అంటే ఏమిటో మండలికి తెలియదు కాబట్టి చెబుతాను.

ఇక్కడ నాపరాయి తీసిన రోజుల్లో పనివాళ్ళకు ఒక అలవాటు ఉండేది. కొత్త పొర మీద ఉలి పెట్టినప్పుడు మొట్టమొదట అడ్డదిడ్డంగా పగిలిన పలకను పారేసేవాళ్ళు కాదు. ఆ పొర పక్కనే నిలబెట్టేవాళ్ళు. తరువాత వచ్చినవాడు దాన్ని చూసి, రాయి ఎటు పగులుతుందో తెలుసుకుని, అప్పుడు సుత్తి ఎత్తేవాడు. నాకు ముందు ఇక్కడ పనిచేసిన కాశింసా సార్ ఆ రాయి కొట్టే ఇంటి మనిషి. ఇరవై ఆరేళ్ళ కిందట ఇంటిపని గది మొదలుపెట్టినప్పుడు పిల్లల తప్పులను కూడా తెర మీద అలాగే నిలబెట్టాడు. ఒక్కో తప్పు, దాని కింద చేసిన వాళ్ళ పొడి అక్షరాలు, గని నంబరు. దాని కింద అదే తప్పు చేసిన వేరే పిల్లల మాటలు. సరైన జవాబు కూడా ఉంటుంది, అన్నిటికన్నా అడుగున.

ఈ రోజే ఒకటి జరిగింది. ఎనిమిదో గనిలో మాబున్ని అని పదిహేనేళ్ళ పిల్ల ఉంది. వాళ్ళమ్మ పుట్టగొడుగులు పెంచుతుంది. ఈ పిల్లకు నీటి ఇంజనీరింగ్ బడిలో చేరాలని ఆశ. ప్రవేశ పరీక్ష ఒకసారి తప్పింది. 165వ రోజున రెండోసారి రాస్తుంది. మూడోసారి రాయనివ్వరు. తెర మీదికి వచ్చేసరికే మొహం ఉబ్బిపోయి ఉంది.

“మద్దత్తా, పాత పంపు ఆరు గంటల్లో తొట్టి నింపుతాది. కొత్తది నాలుగు గంటల్లో. రెండూ ఒకేసారి ఇడిస్తే ఎంతసేపు? నేను ఐదు రాసినా. రెండూ కలిపి సగం చేసినా.”

“సుబోధినిని అడిగినావా?”

“రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలంటాది. మూడుసార్లు చదివినా. చదివేటప్పుడు తెలిసినట్లే ఉంటాది, తెర మూస్తే ఏమీ ఉండదు. నా తలకాయలోనే ఏందో లోపముండాది అత్తా.”

నేనేమీ వివరించలేదు. గోడ మీద పదిహేడో తప్పు తెరిచి చూపించాను. అదే లెక్క. ‘ఐదు గంటలు.’ కింద ‘ఉ. కు., మూడో గని’ అని ఉంది. ఇరవై రెండేళ్ళ నాటిది. దాని కింద తొమ్మిది మంది పిల్లల మాటలు. అందులో ఒకడు ఇలా రాశాడు: ‘నేనూ ఐదే అంటి. మా నాయన నవ్వినాడు. కొత్తది ఒంటిగా నాలుగు గంటల్లో నింపుతాంటే, ఇంకోటి సాయమొస్తే ఐదు గంటలు ఏమిటికి పడతాదిరా అన్న్యాడు.’

మాబున్ని అది చదివింది, మళ్ళీ చదివింది. కాసేపటికి నవ్వింది.

“అయితే నాలుగు కంటే తక్కువే రావల్ల.”

“రావల్ల.”

“పన్నెండు గంటలు తిప్పితే పాతది రెండు తొట్లు నింపుతాది. కొత్తది మూడు. అంతా ఐదు తొట్లు.” వేళ్ళు మడుచుకుంటూ లెక్క వేసింది. “పన్నెండు గంటల్ని ఐదు భాగాలు చేస్తే రెండు గంటల ఇరవై నాలుగు. సుబోధిని చెప్పిందే. ఇప్పుడు మూసినా ఉంటాది అత్తా.”

ముప్పై ఒక్క నిమిషం పట్టింది. వెళ్ళే ముందు ఆ తొమ్మిది మందీ తన మాదిరి వాళ్ళేనా అని అడిగింది. నీ మాదిరి వాళ్ళే అన్నాను. ఆ గోడ మీద ఇంకా ఏమేమి ఉన్నాయో అన్నీ పరీక్షలోపు చూస్తానంది. దీన్ని తుడిచేస్తారని ఆ పిల్లకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

121వ రోజు. పైన 54.

మండలి పరిశీలకుడు జయరాఘవ గారితో తెర మీద మాట్లాడాను. మనిషి మర్యాదస్థుడే. ఆ మర్యాద చూస్తేనే నాకు ఇంకా కోపం వచ్చింది.

“అమ్మా, పుస్తకాల్లో అచ్చుతప్పు పడితే మీరైనా సరిచేస్తారు కదండీ. ఇదీ అంతే. పిల్లలు తప్పు చూసి తప్పే నేర్చుకుంటారు.”

“ఎంతమంది నేర్చుకున్నారో చూపించండి.”

“లెక్కలు తీయలేదండి. సూత్రం అది.”

“మీ సూత్రాల పుస్తకం నేనూ చదివాను. నలభై నాలుగో పేజీ. ‘రాసినవారు తమదని వేలిముద్ర వేసిన రచనను వారి అనుమతి లేకుండా తొలగించరాదు.’ తప్పు కూడా రచనే. కాదని ఎక్కడైనా ఉంటే చూపించండి.”

ఆయన వెతికాడు. వెతికినంతసేపూ నేను తెర ముందు నుంచి కదల్లేదు. చివరికి పైవాళ్ళను అడిగి చెబుతానన్నాడు. సాయంత్రం జవాబు వచ్చింది. నాలుగు వందల పన్నెండు తప్పులకూ యజమానులు వేలిముద్ర వేసి, నాదేనని పూర్తి పేరు పెట్టాలట. చనిపోయినవారి తరఫున ఇంటివాళ్ళు వేయవచ్చట. ఒక్కటి మిగిలినా మొత్తం గోడను దిక్కులేనిదిగా లెక్కగట్టి తుడిచేస్తారట. గడువు మాత్రం అదే, 148.

ఇరవై ఏడు రోజుల్లో నాలుగు వందల మంది పెద్దమనుషులు తమ చిన్ననాటి తెలివితక్కువతనాన్ని పదకొండు గనుల ముందు ఒప్పుకోరని వాళ్ళ ధీమా. మా జనం సంగతి వాళ్ళకు తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ అంతగా తెలియదు.

130వ రోజు. పైన 54.

231 వచ్చాయి. కాళ్ళు పీకుతున్నాయి. గనికీ గనికీ మధ్య సొరంగాల్లో పొద్దంతా నడుస్తున్నాను.

సర్పంచ్ గిడ్డయ్య మూడు రోజులు తప్పించుకు తిరిగాడు. పదహారేళ్ళప్పుడు తుంగభద్ర పోయి అరేబియా సముద్రంలో కలుస్తుందని రాశాడు. ఈ రోజు టీ బంకు దగ్గర దొరికాడు.

“మద్దక్కా, ఎలక్షన్లు వస్తాండాయి. ఆ ఓబులేసుగాడు దీన్ని పట్టుకుని నన్ను ఆడుకుంటాడు.”

“ఓబులేసుది కూడా ఉండాది గిడ్డయ్యా. వాడు నదినే ఎగువకు పారించినాడు. పొద్దున్నే ముద్ర వేసిపోయినాడు.”

“వేసినాడా?”

“నీకంటే ముందు.”

గిడ్డయ్య టీ గ్లాసు పక్కన పెట్టి అక్కడికక్కడే వేలు చాపాడు. ఇక డాక్టర్ స్వరూప్ ఉన్నాడు. మనిషికి నాలుగు కిడ్నీలని పద్నాలుగేళ్ళప్పుడు రాసినవాడు. తన ఆసుపత్రి గది బయట ఆ పుటను పెద్దక్షరాల్లో అంటించుకుని మరీ వేశాడు. రోగులు నవ్వుతున్నారట, భయం తగ్గిందట.

ఐదో గనిలో నడిపెన్న అనే ముసలాయన ఉన్నాడు. కూతురు పదిహేడేళ్ళకే జ్వరంతో పోయింది. గోడ మీద ఆ పిల్ల చేసిన తప్పు ఒకటుంది, గుడ్లగూబ చీకట్లో తన కళ్ళలోంచి వెలుతురు వేస్తుందని. ముద్ర వేయమని అడగడానికి సిగ్గుపడుతూ నిలబడ్డాను. ఆయన ఆ రాత మీద చాలాసేపు చెయ్యి పెట్టుకున్నాడు.

“మా బిడ్డదే. ఇట్లనే చెప్తాండె. తుడిపియ్యొద్దు తల్లీ.”

ఏడుస్తూనే బయటికి వచ్చాను. దీన్ని కలుషితమన్నవాణ్ణి ఒక్కసారి ఆ ముసలాయన ముందు కూర్చోబెట్టాలి.

139వ రోజు. పైన 55.

411. ఒక్కటి మిగిలింది. పదిహేడో తప్పు, ఐదు గంటల పంపుల లెక్క.

ఉ. కు. అంటే ఉరుకుందమ్మ, కు. ఆమె ఇంటిపేరు. మా గనిలోనే ఉంది. పంపుల ఆపరేటరు, ముప్పై ఏడేళ్ళ మనిషి. కింది ఊటలో నుంచి నీళ్ళు తోడి పదకొండు గనులకూ పంపేది ఆమే. నలుగురం కలిసి పంపుల గదికి వెళ్ళాం. గిడ్డయ్య కాగితం ముందు పెట్టాడు. ఆమె చదివి వెనక్కి తోసింది.

“అది నా తప్పు గాదు.”

“నీ అక్షరాలే ఉండాయి గదమ్మా.”

“రాసింది నేనే. చెప్పింది నేను గాదు. నేను నాలుగు కంటే తక్కువే వస్తాదని అనుకున్న్యా. గ్రంథాలయంలో ఎవరో తెర మీద ఐదని చెప్పినారు, సగం చెయ్యమని. పెద్దోళ్ళు చెప్తాండారు గదా అని రాసినా. పరీక్షలో అదే లెక్కొచ్చె. అదే రాస్తి. రెండు మార్కుల్లో బడి పాయె. నా పేరు నేను పెట్టను.”

గిడ్డయ్య బతిమాలాడు, తరువాత కోప్పడ్డాడు. నీ ఒక్కదాని పంతానికి పిల్లలందరి గోడా పోవాల్నా అన్నాడు. ఆమె పంపు వేగం పెంచి అటు తిరిగింది.

సాయంత్రానికి గనంతా ఆమెను తిడుతోంది. టీ బంకు వాడు ఆమెకు టీ పోయలేదట. నేను మాత్రం ఎప్పటిలాగే పన్నెండింటికి గది తెరిచి నా కుర్చీలో కూర్చుని అరవై రెండు ప్రశ్నలకు సాయం చేశాను. ఎవరినీ ఏమీ అనలేదు.

142వ రోజు. పైన 55.

ఉన్నదున్నట్టు రాస్తానని మొదట్లో గొప్పలు పోయాను. 119వ రోజు రాసినదాంట్లో దాచాను. 139వ రోజు కూడా దాచాను.

తెర మీద ఐదని చెప్పింది నేనే.

అప్పుడు నాకు ఇరవై ఐదేళ్ళు, ఆ రోజుల్లో తెర మీద మా మొహాలు కనపడేవి కావు. సహాయకురాలిగా చేరి పది రోజులు. ఒకేసారి పద్నాలుగు మంది పిల్లలు లైన్లో ఉన్నారు. ఆ పిల్ల నాలుగు కంటే తక్కువ రావాలి గదా అక్కా అని అడిగింది. నేను చూడకుండానే, కలిపి సగం చేయమ్మా, ఐదు, రాసుకో అన్నాను. అంత ధీమాగా నా జీవితంలో ఇంకెప్పుడూ చెప్పలేదు. మరుసటి వారం అదే గోడ మీదికి ఎక్కింది, ఆ పిల్ల పేరుతో. చూశాను. రేపు సరిచేద్దాం అనుకున్నాను. ఆ పిల్ల పరీక్ష తప్పిందని విన్నాక ఇక చేయలేకపోయాను. రోజూ ఆమె తోడిన నీళ్ళే తాగుతున్నాను.

పైగా మండలి నియమాల్లో తొమ్మిదోది ఉంది. ‘తప్పు సమాధానం ఇచ్చినట్టు తేలిన సహాయకుల అనుమతి శాశ్వతంగా రద్దగును.’ ఒప్పుకుంటే గోడ నిలుస్తుంది, నేను ఈ కుర్చీలో కూర్చోలేను. ఇరవై రెండేళ్ళుగా నాకున్నది ఈ కుర్చీయే. ఈ పుట చింపేసి ఒప్పుకోకపోతే అందరి కోపమూ ఉరుకుందమ్మ మీద పడుతుంది, నా మీద ఈగ వాలదు. మూడు రోజులుగా ఈ రెండోదాని వైపే నా మనసు లాగుతోంది. సర్పంచ్‌ను ఎలక్షన్ల భయం వదిలేసి ముద్ర వేయమన్నదాన్ని నేనే. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

144వ రోజు. పైన 54.

పొద్దున టీ బంకు దగ్గర జనం ఉండగానే ఉరుకుందమ్మ వచ్చింది. బంకు వాడు మళ్ళీ మొహం తిప్పుకున్నాడు. అక్కడే చెప్పాను, అందరికీ వినపడేలా.

“ఉరుకుందా, ఆ పొద్దు నీకు ఐదని చెప్పింది నేనే. నువ్వు అనుకున్నది సరైనదే. నేను చెడగొట్టినాను.”

ఆమె నా వైపు చూసింది. కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది.

“ఇరవై రెండేండ్లు,” అంది. “దినామూ నీకు ఎదురైతాంటి గదా మద్దక్కా. అక్కా బాగుండావా అంటాంటి. నువ్వూ బాగుండా అంటాంటివి.”

“అవును.”

“నా తలకాయలోనే లోపమనుకుంటి. ఆ లెక్క తలచుకోని పంపుల పనిలో చేరిన్యా తెలుసునా? రెండు పంపులు ఒకసారి ఇడిచి, గడియారం పెట్టుకోని సూసిన్యా. మొదటి దినమే. తొట్టి మూడు గంటల్లోపే నిండిపాయె. ఆ పొద్దు కూచోని ఏడ్సిన్యా.”

క్షమించమని అడిగాను. అది నాకు చేతగాదులే అంది. నా చేతిలోని కాగితం చూపించి, నువ్వు వేస్తే గోడ ఉంటాదా అని అడిగింది. ఉంటుందన్నాను. నీ కుర్చీ? పోతుందన్నాను. పోనీ అంది. బంకు వాడు టీ పోస్తే ముట్టుకోకుండా పంపుల గదికి వెళ్ళిపోయింది. ఆమె నన్ను క్షమించనక్కర్లేదు. ఎవరైనా ఆమెను ఒక్క మాటంటే మాత్రం ఇకపై నాతో తేల్చుకోవాలి.

148వ రోజు. పైన 54.

జయరాఘవ గారు స్వయంగా వచ్చారు. పైనుంచి దిగేసరికి చొక్కా తడిసి ముద్దయింది, నీళ్ళిచ్చాం. గ్రంథాలయం నిండా జనం. పదకొండు గనుల తెరలూ వెలుగుతున్నాయి. పన్నెండింటికి లెక్క మొదలుపెట్టారు. ఒక్కొక్కటే తెరిచి, పేరు చదివి, ముద్ర చూసి, సరే అంటూ పోయారు. నాలుగు కిడ్నీల దగ్గర ఆయనకూ నవ్వు వచ్చింది, ఆపుకున్నారు.

పదిహేడో దాని దగ్గర ఆగారు. “ఇక్కడ అక్షరాలు ఉ. కు. అని ఉన్నాయి. పేరు మీది ఉందేమండీ?”

“రాసిన చెయ్యి ఆమెది. తప్పు నాది. అక్షరాలు మార్చండి.”

“అమ్మా, తొమ్మిదో నియమం మీకు తెలుసు కదండీ. ఇది నేను నమోదు చేస్తే ఇక వెనక్కి తీసుకోలేను. కావాలంటే… ఆమె వేస్తే సరిపోతుంది.” గొంతు తగ్గించి మరీ చెప్పారు. నా మంచికే చెప్పారని నాకు తెలుసు.

“ఆమె ఇప్పటికే ఇరవై రెండేళ్ళు మోసింది. రాసుకోండి సార్.”

రాసుకున్నారు. తెర మీద ఉ. కు. పోయి ‘మద్దిలేటమ్మ, సహాయకురాలు, మూడో గని’ అని వచ్చింది. ఉరుకుందమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. పేరు మారడం చూసింది, నీళ్ళు వదిలే వేళయిందని వెళ్ళిపోయింది. మిగిలినవన్నీ చూసేసరికి రెండు గంటలు కొట్టింది. నాలుగు వందల పన్నెండూ గోడ మీదే ఉన్నాయి. జనం చప్పట్లు కొట్టారు. రెండు గంటల ఐదు నిమిషాలకు తెర మీద సహాయకులు లోపలికి వచ్చే తలుపులో నా పేరు ఆరిపోయింది.

ఇంటికి వెళ్ళి పడుకున్నాను.

150వ రోజు. పైన 55.

నిన్న సహాయకుల వరుసలో ఇద్దరే ఉన్నారు. తొంభై ప్రశ్నల్లో సగం అలాగే మిగిలిపోయాయి. మాబున్ని గంటన్నర ఎదురుచూసి తెర మూసేసిందట. పరీక్ష ఇంకా పదిహేను రోజులుంది.

రాత్రంతా నిద్రపట్టక మండలి నియమాలు మళ్ళీ మొదటి నుంచి చదివాను. సహాయం చేయడానికి అనుమతి కావాలి. విద్యార్థిగా చేరడానికి అక్కర్లేదు. ‘ఏ వయసు వారైనా’ అని వాళ్ళే రాసుకున్నారు. ప్రశ్నలకు పరిమితి లేదని కూడా గర్వంగా రాసుకున్నారు.

పన్నెండు కొట్టగానే తెర మీద విద్యార్థుల తలుపు తెరిచాను. పేరు, మద్దిలేటమ్మ. వయసు, నలభై ఏడు. తరగతి, పది. పదకొండు గనులకూ కనపడేలా నా మొదటి ప్రశ్న పెట్టాను: ‘ఆరు గంటల్లో నింపే పంపు, నాలుగు గంటల్లో నింపే పంపు, రెండూ కలిసి తొట్టి నింపుతున్నాయి. అడుగున చిల్లు ఉంది. నిండిన తొట్టి ఆ చిల్లు గుండా పన్నెండు గంటల్లో ఖాళీ అవుతుంది. ఇప్పుడు ఎంతసేపు పడుతుంది? నాకు ఎవరైనా చెప్పండి.’

సుబోధిని రెండు సెకన్లలో మూడు గంటలు అని చెప్పింది. ఆ వెనకే పిల్లలు మొదలుపెట్టారు. ఒకడు చిల్లును కూడా పంపుల్లో కలిపేశాడు. ఇంకొకతె మొదట చిల్లు పూడ్చాలి గదా అంది. మాబున్ని ఇద్దరితోనూ వాదన వేసుకుంది, చెయ్యి ఊపుతూ, తొట్టి బొమ్మ గీసి చూపిస్తూ. నేను ఒక్కొక్కరినీ అడుగుతూ పోయాను. అది ఎట్లా వచ్చింది? ఇక్కడ నాకు తెలియలేదు. మళ్ళీ చెప్పు నాయనా. ఐదింటికి నలభై ఒక్క మంది నాకు పాఠం చెబుతున్నారు.

ఐదున్నరకు జయరాఘవ గారి సందేశం వచ్చింది. ‘మీ ప్రశ్నకు సరైన సమాధానం పన్నెండు గంటల రెండు సెకన్లకే అందింది. అయినా ఐదున్నర గంటలుగా అర్థం కాలేదని అడుగుతూనే ఉన్నారు. కారణం తెలుపగలరు.’

తెలిపాను. ‘ఇంకా నలభై ఒక్క మంది పిల్లలు చెబుతున్నారు. వాళ్ళు చెప్పడం అయ్యేదాకా నాకు అర్థం కాదు.’